బోల్టు పట్టగానే సరిపోయినట్టు కాదు

పాత జీపు కొన్నవాళ్లకు ఏడాది తిరక్కుండానే ఒక సంగతి తెలిసిపోతుంది. ఆ బండిలో ఉన్న సామానంతా ఒకే బండిది కాదు. ఇంజిన్ ఒక మోడల్‌ది, గేర్‌బాక్సు ఇంకో మోడల్‌ది, వెనక హౌసింగ్ ఎవరో పాత సామాన్ల కొట్లో వెతికి తెచ్చింది. ముప్ఫై నలభై ఏళ్లు నడిచిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఏదైనా ఇంతే. అందులో తప్పేమీ లేదు. అలా ఒకదానికొకటి కలుపుకుంటూ వచ్చారు గనకే కటికి జలపాతం దారిలో రాళ్ల మీదుగా జనాన్ని మోసే జీపులు ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. కలపడం తప్పు కాదు, కొలవకుండా కలపడమే తప్పు.

ఈ అధ్యాయం అలా కలిపే ఒక్క చోటు గురించి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి బయటికొచ్చే ఫ్లాంజీ ఒకటి, దానికి బిగించే ప్రొపెల్లర్ షాఫ్టు చివరి ఫ్లాంజీ ఒకటి. అరచెయ్యంత ఇనప బిళ్లలు రెండు. ఇంజిన్ పుట్టించే బలమంతా ఈ రెంటి మధ్య నుంచే చక్రాలకు వెళ్లాలి. ఇవి నిజంగా సరిపోతే వాటి ఊసే మనకు రాదు. సరిపోయినట్టు కనిపించి సరిపోకపోతే మాత్రం షాఫ్టు చివర జాయింట్లలోని క్రాస్‌లు అరుగుతాయి, ఆయిల్ సీళ్లు కారతాయి, బేరింగులు పోతాయి. అసలు కారణం దొరక్క ఒక్కొక్క సామాను మారుస్తూ డబ్బు తగలేస్తాం.

అధ్యాయం చదివాక మీరు రెండు పనులు సొంతంగా చేయగలగాలి. ఒకటి, రెండు ఫ్లాంజీలు సరిపోతాయో లేదో కొలిచి చెప్పడం. రెండు, సరిపోకపోతే ఏ దారి ఎంచుకోవాలో మెకానిక్‌తోనూ లేత్ మేస్త్రీతోనూ నిలబడి మాట్లాడటం.

ముందు మీ బండిలో ఏముందో చూడండి

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఆ వంశపు జీపుల్లో స్పైసర్ 18 రకం ట్రాన్స్‌ఫర్ కేస్ నేరుగా గేర్‌బాక్సు వీపుకు అంటుకుని ఉంటుంది. షాఫ్టులు మధ్యలో నుంచి కాక ఒక పక్క నుంచి బయటికొస్తాయి. మారుతి జిప్సీ 1985లో వచ్చింది. దానిది వేరే అమరిక. గేర్‌బాక్సు ఒకచోట, ట్రాన్స్‌ఫర్ కేస్ దానికి దూరంగా మరోచోట, మూడు రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రెంటి మధ్య పొట్టి షాఫ్టు ఒకటి. అంటే జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కు మూడు ఫ్లాంజీలు: బలం లోపలికి వచ్చేది, ముందుకు వెళ్లేది, వెనక్కు వెళ్లేది.

షాఫ్టు చివర తగిలించే పద్ధతి కూడా అన్ని బండ్లకూ ఒకటి కాదు. కొన్నింటిలో ఫ్లాంజీకి ఫ్లాంజీ ఎదురెదురుగా పెట్టి బోల్టులతో బిగిస్తారు. కొన్నింటిలో ట్రాన్స్‌ఫర్ కేస్ మీదున్న యోకులో, అంటే రెండు చెవుల పట్టులో, క్రాస్ కప్పుల్ని కూర్చోబెట్టి యూ-బోల్టులతో పట్టిస్తారు. పాత జీపుల్లో ఈ రెండో రకం ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి కొత్త షాఫ్టు కోసం బయల్దేరే ముందు బండి కిందకు దూరి, మీది ఏ రకమో ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి.

ఇక్కడ ఒక భద్రత సంగతి గట్టిగా చెప్పాలి. విల్లీస్ వంశపు పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఫ్లాంజీ దగ్గర పనిచేస్తుంది. షాఫ్టు ఊడదీసిన క్షణంలో ఆ బ్రేక్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. గేర్‌లో పెట్టి ఉంచినా లాభం లేదు, అదీ ఆ షాఫ్టు ద్వారానే చక్రాన్ని ఆపుతుంది. కాబట్టి బండిని చదును నేల మీద పెట్టి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు వేశాకే మొదటి బోల్టు మీద పాన పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందకు ఎప్పుడూ వెళ్లకండి, స్టాండులు పెట్టండి.

మెట్టు చేసే పని వేరు, బోల్టు చేసే పని వేరు

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ భాగాన్ని గుర్తుపెట్టుకోండి.

ఫ్లాంజీని చేతిలోకి తీసుకుని చూడండి. చుట్టూ బెజ్జాలుంటాయి. ఆ బెజ్జాల వలయం లోపల, సరిగ్గా మధ్యలో, ఒక గుండ్రటి మెట్టు పైకి లేచి ఉంటుంది. దాని జత ఫ్లాంజీలో అదే సైజు గుంత ఉంటుంది. మెట్టు గుంతలో బిగువుగా, ఆడకుండా కూర్చుంటుంది. తిరగలిలో పైరాయిని తిప్పేది పిడి, కానీ దాన్ని కేంద్రం తప్పనివ్వనిది మధ్యలోని మేకు. ఇక్కడ ఆ మేకు పని చేసేది మెట్టు.

మరి బోల్టుల పనేమిటి? రెండు ముఖాల్ని ఒకదానికొకటి అదిమి పట్టుకోవడం. అలా అదిమినప్పుడు పుట్టే రాపిడే బలాన్ని ఒక ఫ్లాంజీ నుంచి రెండోదానికి దాటిస్తుంది. ఆ బలం చిన్నదేమీ కాదు, ఒకసారి లెక్క వేద్దాం. 1.3 లీటర్ జిప్సీ ఇంజిన్ టార్క్ 103 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 3.652, ట్రాన్స్‌ఫర్ కేస్ లో-రేంజ్ నిష్పత్తి 2.268. మూడూ హెచ్చవేస్తే 853 వస్తుంది. బెజ్జాల వలయం వ్యాసం 76 మిల్లీమీటర్లనుకుందాం. ముందు చక్రాలకు పట్టు దొరక్క మొత్తం బలం వెనక షాఫ్టు మీదే పడిందనుకుందాం. అప్పుడు నాలుగు బోల్టుల చోట కలిపి జారగొట్టే బలం సుమారు 2.3 టన్నులు. బురదలో దిగబడి క్లచ్ ఒక్కసారిగా వదిలితే పడే కుదుపు దీనికి అదనం.

ఇప్పుడు మన గ్యారేజీల్లో తరచూ జరిగేది చూడండి. కొత్త షాఫ్టు తెచ్చారు. బోల్టు బెజ్జాలు దాదాపు కలిశాయి. మెట్టు మాత్రం గుంత కంటే ఒక మిల్లీమీటరు చిన్నది. ‘బోల్టు పట్టిందిగా, సర్దుకుంటుందిలే’ అని బిగించేస్తారు. కానీ కేంద్రాన్ని పట్టుకునే మెట్టే ఆడుతున్నప్పుడు షాఫ్టు నట్టనడుమ కూర్చునే అవకాశం లేదు. అర మిల్లీమీటరు పక్కకు కూర్చుందనుకోండి. షాఫ్టు బరువు ఆరు కిలోలైతే, ఆ చివర మీద పడేది అందులో సగం. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, క్రౌన్ పినియన్ నిష్పత్తి 4 అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు సెకనుకు 32 చుట్లు తిరుగుతుంది. ఆ చివర ప్రతి చుట్టుకూ ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగును దాదాపు ఆరు కిలోల బలంతో గుంజుతుంది. ఈ బలం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 90 కిలోమీటర్ల దగ్గర అది పదమూడున్నర కిలోలు. ఎంత గట్టి సీలైనా దీన్ని ఎంతకాలం ఓర్చుకుంటుంది?

కాబట్టి సూత్రం ఇది: మొదట మెట్టు కలవాలి, తర్వాతే బెజ్జాల సంగతి. మెట్టు కలవని చోట బెజ్జాలు ఎంత చక్కగా కలిసినా ఆ జత జత కాదు.

కొలిచే పద్ధతి

కావలసినవి: ఒక వెర్నియర్ కాలిపర్, వైర్ బ్రష్, పంచ్, నోటు పుస్తకం. కాలిపర్ కొనడానికి వెనకాడకండి. గ్యారేజీలో మీ డబ్బును మీకు మిగిల్చే పనిముట్టు అదే.

*ఊడదీసే ముందు గుర్తు పెట్టండి.* రెండు ఫ్లాంజీల అంచు మీదా ఒకే గీతలో పంచ్‌తో చుక్క కొట్టండి. షాఫ్టు జారే భాగం మీద కూడా రెండు వైపులా ఎదురెదురుగా గుర్తు పెట్టండి. ఈ రెండో గుర్తు విలువ తర్వాత తెలుస్తుంది.

*ముఖాలు శుభ్రం చేయండి.* మడ్డీ, తుప్పు, పాత రంగు ఉన్న ఫ్లాంజీని కొలవడం దండగ. మెట్టు అంచున తుప్పు పొర ఉంటే కొలతే మారిపోతుంది.

*మెట్టు వ్యాసం, ఎత్తు కొలవండి.* కాస్త కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉండొచ్చు కాబట్టి రెండు మూడు దిక్కుల్లో కొలవండి. గుంత వ్యాసం, లోతూ అలాగే. మెట్టు ఎత్తు గుంత లోతు కంటే ఎక్కువైతే ముఖాలు ఒకదాన్నొకటి తాకవు. బోల్టులు ఎంత బిగించినా అది ఉత్త భ్రమే.

*బెజ్జాల వలయం కొలవండి.* నాలుగు బెజ్జాలుంటే ఎదురెదురు బెజ్జాల లోపలి అంచుల మధ్య దూరం తీసుకుని దానికి ఒక బెజ్జం వ్యాసం కలపండి. ఉదాహరణకు లోపలి అంచుల మధ్య 66.0 మిల్లీమీటర్లు, బెజ్జం 10.2 అయితే వలయం 76.2. మధ్యలో మెట్టు అడ్డొస్తే పక్కపక్క బెజ్జాల మధ్య దూరం తీయండి. బెజ్జాలు చతురస్రంగా ఉంటే దాన్ని 1.414తో హెచ్చవేయాలి. మూడు బెజ్జాల ఫ్లాంజీ అయితే 1.155తో.

*చతురస్రమేనా అని చూడండి.* పక్కపక్క బెజ్జాల దూరం నాలుగు వైపులా కొలవండి. కొన్ని బండ్ల ఫ్లాంజీల్లో నాలుగు బెజ్జాలు దీర్ఘచతురస్రంగా ఉంటాయి. కంటికి తేడా తెలియదు, ఎదురెదురు దూరం కూడా కలిసిపోవచ్చు. బిగించబోతే రెండు బోల్టులు దిగి రెండు దిగవు.

*స్ప్లైన్లు లెక్కపెట్టండి.* ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు ఫ్లాంజీని మార్చే ఆలోచన ఉంటే లోపలి పళ్లెన్ని, వాటి వ్యాసమెంత, ఆయిల్ సీల్ తగిలే గొట్టం వ్యాసమెంత, ఈ మూడూ రాసుకోండి. సీల్ తగిలే చోట గోరు పెట్టి చూడండి. గాడి తగిలితే ఆ ఫ్లాంజీ పళ్లు ఎంత బాగున్నా దాంతో కొత్త సీల్ కూడా కారుతుంది.

*క్రాస్ కొలవండి.* ఇక్కడ సగం సరిపోవడం ఎంత మోసం చేస్తుందో చూడండి. స్పైసర్ 1310 రకం క్రాస్‌కు కప్పు వ్యాసం 27.0 మిల్లీమీటర్లు, ఈ చివరి నుంచి ఆ చివరికి 81.8. 1330 రకానికి కప్పు అదే 27.0, పొడవు మాత్రం 92.1. 1350కి పొడవు అదే 92.1, కప్పు మాత్రం 30.2. ఒక్క కొలతే తీసుకుని కొట్టుకు వెళితే మీది కాని రకం మీ చేతికి రావచ్చు. రెండు కొలతలూ తీసుకుంటే ఒక్కటే వస్తుంది.

ఫ్లాంజీల్లోనూ ఇంతే. యూరప్ ప్రమాణంలో 90 మిల్లీమీటర్ల ఫ్లాంజీకి బెజ్జాల వలయం 74.5, మధ్య మెట్టు 47. 100 మిల్లీమీటర్ల ఫ్లాంజీకి వలయం 84, మెట్టు 57. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ‘జిప్సీది జిప్సీకి పడుతుంది, జీపుది జీపుకు పడుతుంది’ అన్న మాటను నమ్మి డబ్బు చేతులు మార్చకండి. ఒకే పేరుతో అమ్మిన బండ్లలోనూ ఏళ్లు గడిచేకొద్దీ లోపలి సామాను మారింది.

బోల్టు కూడా ఒక కొలతే

విల్లీస్ వంశపు జీపులు అంగుళాల బండ్లు, జిప్సీ మిల్లీమీటర్ల బండి. ఈ రెండు వంశాల సామాను కలిసిన చోట బోల్టుల దగ్గర ప్రమాదం పొంచి ఉంటుంది. 5/16 అంగుళం బోల్టు అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కన్ను తేడా పట్టలేదు. కానీ చుట్లు వేరు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు చుట్టుకూ చుట్టుకూ మధ్య సాధారణంగా 1.25 మిల్లీమీటర్లుంటే, 5/16 సన్నచుట్ల బోల్టుకు అంగుళానికి 24 చుట్లు, అంటే దాదాపు 1.06. ఒకదాని నట్టు రెండోదాని మీద ఒకటి రెండు చుట్లు దిగి బిగుసుకుంటుంది. అక్కడ పాన వేసి బలవంతంగా తిప్పితే చుట్లు తెగుతాయి. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది గాని పట్టు ఉండదు.

నియమం సులువు. నట్టు చివరిదాకా వేళ్లతోనే దిగాలి. వేళ్లతో దిగనిదాన్ని పానతో దింపకండి. (లాక్ నట్లకు ఇది వర్తించదు. వాటి చివర ఉండే పట్టు కావాలని పెట్టిందే.)

బోల్టు తల మీద గుర్తు చూడండి. మిల్లీమీటర్ల బోల్టు మీద 8.8 లేదా 10.9 అని ఉంటుంది. అంగుళాల బోల్టు మీద మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. ఏ గుర్తూ లేని బోల్టును గేటుకో షెడ్డుకో వాడుకోండి. కంపెనీ ఏ గ్రేడ్ పెట్టిందో అంతకు తగ్గనిదే ఇక్కడ వాడాలి.

తేడా వచ్చినప్పుడు ఏ దారి?

కొలిచారు, కలవలేదు. నిరాశ పడాల్సిన పని లేదు. దారులు చాలా ఉన్నాయి. మేలైన దాని నుంచి వరసగా చెబుతాను, పైదారి మూసుకుంటేనే కిందదారికి రండి.

1. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజీని మార్చడం. స్ప్లైన్లు, సీల్ వ్యాసం కలిసే ఫ్లాంజీ దొరికితే ఇదే ఉత్తమం. కంపెనీ చేసిన మెట్టుకు కంపెనీ చేసిన గుంత దొరుకుతుంది. నట్టు విప్పడం, సీల్ మార్చడం, కొత్త నట్టుతో చెప్పిన బిగువుకు బిగించడం, పని అంతే. ఒక హెచ్చరిక: ఇదే పనిని వెనక హౌసింగ్ పినియన్ ఫ్లాంజీ మీద ఇంతే తేలిగ్గా చేయకండి. చాలా హౌసింగుల్లో ఆ నట్టు బిగువే పినియన్ బేరింగుల బిగువును నిర్ణయిస్తుంది. లోపల ఒకసారి నలిగితే మళ్లీ సాగని స్లీవు ఉంటుంది. అది తెలిసిన చేతి పని.

2. షాఫ్టు చివరి యోకును మార్చడం. క్రాస్ సైజు కలిస్తే సర్కిలిప్పులు తీసి, క్రాస్ వెలికి తీసి, మీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కు సరిపోయే ఫ్లాంజీ యోకును ఎక్కించవచ్చు. క్రాస్ ఎలాగూ కొత్తది పడుతుంది కాబట్టి ఖర్చు పెద్దగా పెరగదు.

3. రెండు సైజుల క్రాస్. ఒక జత కప్పులు ఒక సైజు, రెండో జత మరో సైజు ఉండే క్రాస్‌లు తయారవుతాయి. 1310 యోకును 1330 యోకుతో కలపడానికి ఇలాంటివే వాడతారు. పద్ధతి మంచిదే. అయితే ఆ క్రాస్ నంబరును బండిలోనే రాసి పెట్టండి. దారిలో విరిగితే ప్రతి కొట్లోనూ దొరకదు.

4. షాఫ్టునే కొత్తగా చేయించడం. రెండు చివర్లకూ సరైన యోకులు పెట్టి, కావలసిన పొడవుకు గొట్టం కోసి, వెల్డ్ చేసి, మెషీన్ మీద బ్యాలెన్స్ చేసి ఇచ్చే పనివాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఉంటారు. ఖర్చు ఎక్కువే. కానీ వంగిన గొట్టం, అరిగిన స్ప్లైన్లు కూడా ఉన్న షాఫ్టు అయితే విడివిడి మరమ్మతుల కంటే ఇదే చవక.

5. అడాప్టర్ ప్లేటు. రెండు వేర్వేరు ఫ్లాంజీల మధ్య పెట్టే మందపాటి బిళ్ల. దీనికి ఒకవైపు ఒక మెట్టు, రెండోవైపు ఇంకో మెట్టు లేదా గుంత ఉండాలి. ఒకే బిగింపులో రెంటినీ లేత్ మీద తీయాలి, అప్పుడే రెండు కేంద్రాలు ఒకటవుతాయి. ప్లేటు మందం ఎంతో షాఫ్టు అంత పొట్టి కావాలన్నది మరవకండి.

6. కొత్త బెజ్జాలు వేయడం. మెట్టు కలిసి బెజ్జాలు మాత్రమే కలవనప్పుడే ఇది. పాత బెజ్జాల మధ్య కొత్తవాటికి చాలినంత ఇనుము మిగలాలి. కేంద్రాన్ని ఆధారం చేసుకుని, కోణాలు విభజించే పరికరం మీద వేయాలి. చేతి డ్రిల్లుతో కాదు.

ఎప్పుడూ చేయకూడనివి కూడా చెప్పాలి. ఆకురాయితో బెజ్జాన్ని కోలగా సాగదీయకండి. పాత బెజ్జాన్ని వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ తొలవకండి, ఆ వేడికి ఫ్లాంజీ ముఖం వంగుతుంది, ఇనుము గుణం మారుతుంది. రేకు ముక్క చుట్టి మెట్టు లావు చేయకండి.

లేత్ మేస్త్రీతో మాట్లాడే పద్ధతి

మన దగ్గర లేత్ మేస్త్రీల చేతిలో గొప్ప నైపుణ్యం ఉంది. దాన్ని రాబట్టుకోవడం మనం అడిగే తీరులో ఉంది. ‘అన్నా, ఈ ఫ్లాంజీ దానికి పట్టేలా చేసిపెట్టు’ అంటే ఆయన పట్టేలానే చేస్తాడు. అడిగింది అదే కదా. అదే పనిని ఇలా అడగండి:

‘అన్నా, ఈ మెట్టు 57 ఉంది, ఆ గుంత 60 ఉంది. మధ్యకు రింగు తీసి బిగువుగా ఎక్కించాలి. ఎక్కించాక మళ్లీ లేత్ మీద పెట్టి, స్ప్లైన్ల కేంద్రం పట్టుకుని గుంతకు సరిపోయేలా ఫినిషింగ్ తీయాలి. ముఖం కూడా ఒక సన్న కోత తీయి. అయ్యాక డయల్ గేజీ పెట్టి ఇద్దరం చూద్దాం.’

అప్పుడు మీరు కొలతతో మాట్లాడారు, ఏ కేంద్రాన్ని ఆధారం చేసుకోవాలో చెప్పారు, పని ముగిశాక ఎలా పరీక్షిస్తారో కూడా ముందే చెప్పారు. మంచి పనివాడు దీన్ని అనుమానంగా తీసుకోడు, గౌరవంగా తీసుకుంటాడు. డయల్ గేజీ ముల్లు మెట్టు మీద గాని ముఖం మీద గాని 0.1 మిల్లీమీటరుకు మించి ఊగితే, పని ఇంకా పూర్తి కాలేదని అర్థం.

పొడవు, కోణం, వరస

ఫ్లాంజీలు కలిశాక మూడు విషయాలు చూసుకోవాలి.

*పొడవు.* ఫ్లాంజీ మారితే, అడాప్టర్ చేరితే షాఫ్టు పొడవు మారినట్టే. బండి తన బరువు మీద నిలబడినప్పుడు జారే భాగం దాదాపు మధ్యలో ఉండాలి. స్ప్రింగులు పూర్తిగా అణిగినప్పుడు అది లోపల కొట్టుకోకూడదు, చక్రం గాల్లో వేలాడినప్పుడు చాలినన్ని పళ్లు ఇంకా పట్టుకునే ఉండాలి. రెండు స్థితుల్లోనూ కొలిచి రాసుకోండి. లోపల కొట్టుకునే షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగును సుత్తితో కొట్టినట్టే.

*కోణం.* క్రాస్ జాయింటు వంగి తిరిగేటప్పుడు అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. చుట్టుకు రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీల కోణంలో ఈ హెచ్చుతగ్గు ఒకటిన్నర శాతం, 20 డిగ్రీల్లో ఆరు శాతం. రెండో చివర జాయింటు అదే కోణంలో ఎదురుగా ఉంటే ఈ తేడాను కొట్టేస్తుంది. అందుకే ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజీ ముఖమూ పినియన్ ఫ్లాంజీ ముఖమూ సమాంతరంగా ఉండాలి. కోణం కొలిచే యాప్ ఉన్న ఫోన్‌ను రెండు ముఖాలకూ ఆనించి చూడండి. తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే మంచిది. ఒక చివర జంట క్రాస్‌లున్న షాఫ్టులకు ఈ నియమం వేరు. అక్కడ పినియన్ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూడాలి. జిప్సీలో రబ్బరు మౌంటింగులు కుంగితే ట్రాన్స్‌ఫర్ కేస్ ఒరిగి మూడు షాఫ్టుల కోణాలూ ఒక్కసారే చెడతాయి. షాఫ్టును తప్పుపట్టే ముందు ఆ మూడు రబ్బర్లనూ చూడండి.

*వరస.* షాఫ్టు రెండు చివర్ల యోకుల చెవులు ఒకే వరసలో ఉండాలి. జారే భాగాన్ని ఊడదీసి ఒక పన్ను అటుఇటుగా ఎక్కిస్తే, ఒక జాయింటు తేడాను రెండోది పూర్తిగా కొట్టేయలేకపోతుంది. ఊడదీసే ముందు పెట్టమన్న రెండో గుర్తు ఇందుకే.

బిగింపు, పరీక్ష

ముఖాల మీద రంగు, గ్రీజు, తుప్పు ఏదీ ఉండకూడదు. రంగు పొర మీద బిగించిన బోల్టు కొన్నాళ్లకు ఆ పొర నలిగి వదులవుతుంది. మెట్టును గుంతలో చేత్తో కూర్చోబెట్టి ముఖాలు పూర్తిగా ఆనాయో లేదో చూసుకోండి. బోల్టులతో లాగి కూర్చోబెట్టకండి. నాలుగు నట్లూ వేళ్లతో దింపాక, ఎదురెదురు వరసలో, రెండు విడతల్లో టార్క్ పానతో బిగించండి. ఎంత బిగువో ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ చూసి తీసుకోండి. చివరికి ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. వదులైతే గీత విరుగుతుంది, కింద నుంచి ఒక్క చూపులో తెలుస్తుంది.

తర్వాత ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వేగం పెంచుతూ నడపండి. వేగంతో పాటు పెరుగుతూ పోయే వణుకు, షాఫ్టు చుట్టుకు ఒకసారి వచ్చేదైతే కేంద్రమో బ్యాలెన్సో తప్పినట్టు. చుట్టుకు రెండుసార్లు వచ్చే గుబగుబ అయితే కోణమో వరసో తప్పినట్టు. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు ‘టక్’మంటే వదులు బోల్టు, అరిగిన క్రాస్, అరిగిన స్ప్లైన్లు ఈ మూడింటినీ చూడాలి. జిప్సీ వాళ్లు ఇంకొకటి గమనించండి. ఆ ట్రాన్స్‌ఫర్ కేస్ హై-రేంజ్‌లో కూడా వేగాన్ని 1.409 వంతున తగ్గిస్తుంది. అంటే గేర్‌బాక్సు వెనకుండే పొట్టి షాఫ్టు మిగతా రెంటి కంటే వేగంగా తిరుగుతుంది. వణుకు కారణం తరచూ పొడుగు షాఫ్టులో వెతుకుతాం, అది పొట్టిదాంట్లోనే ఉండొచ్చు.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత గీతలు చూసి, బిగువు ఇంకోసారి సరిచూడండి.

ఈ వారం చేయాల్సింది

మీ బండి ఇప్పుడు బాగానే నడుస్తున్నా ఫర్వాలేదు, ఈ పని అప్పుడే తేలిక. నోటు పుస్తకంలో ఒక పేజీ కేటాయించి ఇవి నింపండి:

- ప్రతి ఫ్లాంజీకి: బెజ్జాలెన్ని, బెజ్జం వ్యాసం, వలయం, చతురస్రమా దీర్ఘచతురస్రమా
- మెట్టు లేదా గుంత వ్యాసం, ఎత్తు లేదా లోతు
- స్ప్లైన్ల సంఖ్య, సీల్ వ్యాసం, సీల్ నంబరు (ఊడదీసిన రోజే)
- క్రాస్ కప్పు వ్యాసం, పొడవు, నంబరు
- బోల్టు సైజు, చుట్లు, గ్రేడ్, పొడవు
- బండి నిలబడినప్పుడు షాఫ్టు పొడవు, జారే భాగంలో మిగిలిన దూరం

ఈ పేజీని ఫోటో తీసి ఫోన్‌లోనూ ఉంచుకోండి. పాత సామాన్ల కొట్లో ఒక షాఫ్టు చవగ్గా కనబడి, ‘తీసుకెళ్లండి సార్, పడుతుంది’ అని కొట్టు ఆయన అన్నప్పుడు, జేబులోంచి కాలిపర్ తీసి ఆ పేజీతో పోల్చి చూడండి. ఐదు నిమిషాలు పడుతుంది. కలిస్తే నిశ్చింతగా కొనండి. కలవకపోతే ఎంత తేడా ఉంది, పై ఆరు దారుల్లో ఏది పనికొస్తుంది, దానికెంత ఖర్చవుతుంది అన్నది అక్కడే లెక్క వేసి, ఆ లెక్క మీద బేరమాడండి.

రేపు ఆ బండి మీ తమ్ముడి చేతికో, కూతురి చేతికో, కొత్త కొనుగోలుదారుకో వెళ్లినప్పుడు తాళాలతో పాటు ఈ పేజీ కూడా ఇవ్వండి. ఎవరు ఏది దేనికి కలిపారో రాసి ఉన్న పాత బండిని ఎవరైనా ఇంకో పాతికేళ్లు నడపగలరు.